మైనం పూత

కాంట్రాక్టరు వేసిన కొత్త రోడ్డులోంచి కోసి తెచ్చిన తారు ముక్కలు ల్యాబు బల్ల మీద ఉన్నాయి. పరీక్షలు చేసే ఆవిడ స్టవ్ మీద మైనం కరిగిస్తోంది. కాంట్రాక్టరు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

“మైనమెందుకు మేడమ్? నీళ్లలో ముంచి, తడిగుడ్డతో తుడిచి, తూకం వేస్తే అయిపోయేదిగా!”

“ఒకటి ముంచి తీశాను, చూడండి. చిల్లుల్లోంచి నీళ్లు ఎలా కారిపోతున్నాయో! అలా తూస్తే ఆ చిల్లులు లెక్కలోకే రావు, ముక్క గట్టిదని తేలుతుంది. మైనం పూస్తే ఒక్క చిల్లు కూడా తప్పించుకోదు.”

“పోయినసారి గుడ్డతోనే కానిచ్చారుగా?”

“మీరు నెత్తిన కూర్చుని తొందరపెడితే అప్పుడు ల్యాబులో ఉన్నాయన కానిచ్చారు. ఆ రోడ్డు వానకి లేచిపోయేసరికి, తప్పంతా ల్యాబువాడిదేనని మీరు చేతులు దులుపుకున్నారు. ఆయన ఉద్యోగం ఊడింది.”

“ఆయన... మీకేమవుతారు?”

“మా అన్నయ్య.”

“పాత కక్షలు ఇప్పుడెందుకమ్మా? ఇది ఫెయిలైతే రోడ్డంతా తవ్వి మళ్లీ వెయ్యాలి!”

“కక్ష ఉందండీ, లేదనను. కానీ ఇన్ని చిల్లులుంటే మైనం పుయ్యమన్నది రూలు.”

“పోనీ, మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను. ఎక్కడుంటారు?”

“మీరు తవ్వబోయే రోడ్డు పక్కనే. కిటికీ దగ్గర కుర్చీ వేసుకోమని పొద్దున్నే చెప్పొచ్చాను.”