బొమ్మ కింద అక్షరాలు

ఫైలు చంకన పెట్టుకుని వచ్చిన ఆ అమ్మాయి టీ కొట్టావిడని అడిగిన మాట, బల్ల మీద కూర్చున్న టైలరు తాత చెవిన పడనే పడింది.

"బొమ్మల సినిమాలకి కింద తెలుగు అక్షరాలు వేసే అమ్మాయి ఇల్లు ఇక్కడేనా అండీ? కంపెనీ నుంచి వచ్చాను."

తాత సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నాలుగు రోజుల కిందట మనవరాలు భోజనం ముందు కూర్చుని ఫోనులో ఏదో చూసి కంచం పక్కకి తోసేసింది. "కంపెనీకి తెలిసిపోయింది తాతయ్యా. ఆ జపాను బొమ్మల హక్కులు వాళ్ళు కొనుక్కున్నారు. నేను వేసినవి తీసేయమంటున్నారు," అంది. తర్వాత ఫోను మోగితే తియ్యడమే మానేసింది. ఆ రోజు నుంచీ తాతకి కత్తెర మీద చెయ్యి నిలవడం లేదు. నిన్న ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించాడు. నలభై ఏళ్ళలో అలాంటి తప్పు చేసి ఎరగడు.

ఎదురుగా కుట్టు కొట్టు. దాని మీద గది. కిటికీ తెరిచే ఉంది, పిల్ల లోపలే ఉంది. టీ కొట్టావిడ వేలెత్తి చూపించబోయేంతలో తాత గొంతు సవరించుకున్నాడు.

"పిల్లకేం తెలుసమ్మా! ఆ అక్షరాలు వేసేది నేను. కూర్చో, చెబుతా."

"నువ్వా?" అన్నాడు పక్క బల్ల మీది తాళాల మేస్త్రి.

తాత వాడి వంక చూడలేదు. పన్నెండేళ్ళ కిందట పెళ్ళి కోటు పక్క వీధిలో కుట్టించుకున్నాడు వాడు. అది మరిచిపోయే విషయమా!

"మొదట్లో ఒక్క మాటేనమ్మా. కత్తి పట్టిన కుర్రాడు గురువు దగ్గర సెలవు తీసుకుంటున్నాడు. కింద 'నేను పోతున్నాను' అని పడింది. గురువుతో ఎవడన్నా అలా అంటాడా? 'వెళ్ళొస్తాను' అని మార్పించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండు ప్యాంట్లు కత్తిరించే లోపల పన్నెండు భాగాలకి నేనే మాటలు కుట్టేశా. కొలత తియ్యక్కర్లేదు నాకు, నోరు ఎంత తెరిచాడో చూస్తే చాలు, మాట ఎంత పొడుగో తెలిసిపోద్ది."

"ఎన్ని చెప్పినా కంపెనీది కంపెనీదే," అన్నాడు మేస్త్రి. "వాళ్ళు డబ్బు కడితేనే గీసినవాడికి దక్కాల్సింది దక్కుతుంది. నీది డూప్లికేటు తాళంచెవి లాంటిది. తలుపు తెరుచుకుంటుంది, ఇల్లు మాత్రం నీది కాదు."

"నీ బతుకంతా డూప్లికేట్లే కదరా! అసలు తాళంచెవి వాళ్ళు తీరిగ్గా తెచ్చేదాకా మూడేళ్ళు గుమ్మం బయట నిలబడమంటావా జనాన్ని? తీరా తెచ్చింది చూశావా, కంపెనీ అక్షరాల్లో చెల్లెలు అన్నని పేరు పెట్టి పిలుస్తుంది! ఒక్కసారైనా 'అన్నయ్యా' అనదు!"

ఫైలు అమ్మాయి నవ్వలేదు, కోప్పడలేదు. టీ తాగుతూ వింటోంది. ఆ వినడమే తాతని భయపెట్టింది. మేడ మీద కర్టెను కదిలినట్టనిపించింది. పిల్ల కిందికి దిగొస్తే కొంప మునుగుతుంది. తాత జోరు పెంచాడు.

"ఏడు దేశాలవాళ్ళు నా అక్షరాలు చదవడానికే తెలుగు నేర్చుకున్నారమ్మా. జపానులో గీసేవాళ్ళకి ఈ కబురు తెలిసి, నా మాటలకి సరిపడేట్టు బొమ్మల మూతులు మళ్ళీ గీశారు. అక్కడితో అయిందా? విలను చావాల్సిన చోట, కింద నేను వేసిన మాట వంగి చదువుకుని వెక్కి వెక్కి ఏడ్చి కత్తి పారేశాడు. వాణ్ణి చంపడానికి ఇంకో మూడు భాగాలు తియ్యాల్సొచ్చింది పాపం!"

"మరి కంపెనీ అక్షరాలు పెట్టినప్పుడో?" అంది టీ కొట్టావిడ, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని.

"అప్పుడా? హీరో ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఆపేసి, కాళ్ళ కింద అక్షరాలు చూసి, తెరలోంచి తల బయటపెట్టి 'టైలరు తాతగారేరీ?' అనడిగాడు! కాబట్టి తల్లీ, పట్టుకుపోతే నన్ను పట్టుకుపోవాలి. ఆ పిల్లకి అఆలు కూడా సరిగ్గా రావు."

అమ్మాయి గ్లాసు కింద పెట్టి ఫైలు విప్పింది.

"అయితే మంచిదే తాతగారూ. అవి వేసినవాళ్ళని పనిలోకి తీసుకోమన్నారు మా పైవాళ్ళు. ఫోను చేస్తే ఎవరూ తియ్యకపోతే నేనే వచ్చాను. కాయితంలో మీ పేరే రాస్తాను. సోమవారం వచ్చి మా ముందు ఒక్క భాగానికి మాటలు వెయ్యండి. ఇది చదివి సంతకం పెట్టండి."

తాత కాయితం అందుకున్నాడు. నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించాడు. వేలు మొదటి అక్షరం మీద పెట్టాడు. పెదవులు కదిలాయి. మేస్త్రి టీ తాగేశాడు. టీ కొట్టావిడ గ్లాసులు కడిగి బోర్లించేసింది. వేలు రెండో మాట దాటలేదు.

"మా కంపెనీ అక్షరాలు తెర మీంచి రెండు సెకన్లలో పోతాయి తాతగారూ," అంది అమ్మాయి మెల్లగా. "మీ ఇంటి నుంచి వచ్చినవి ఎనిమిది సెకన్లు కదలవు. పక్కవాడు మాట్లాడటం మొదలెట్టినా పోవు. ఇంతసేపు ఎవరికోసం ఆపారా అని ఆఫీసులో అందరం అనుకునేవాళ్ళం."

ఆమె చూపు ఆయన వేలి మీద ఆగింది.

మేస్త్రి నవ్వుతాడేమోనని తాత అటు చూశాడు. వాడు తల వంచుకుని తాళంచెవుల గుత్తి సర్దుకుంటున్నాడు.

"పిల్లే వేసిందమ్మా," అన్నాడు తాత. "నాకు అక్షరాలు కూడబలుక్కునేంత వరకే వచ్చు. నా కోతలకి దాని పని పోగొట్టకు. అది మీ దగ్గర చేరితే... ఈ ఎనిమిది సెకన్లు అక్కడ ఉండనిస్తారా?"

"రూలు రెండు సెకన్లేనండీ." ఆమె ఆ కాయితం మేడ మీదికి తీసుకెళ్దామని చెయ్యి చాచింది.

తాత కాయితం గుండెకి అదుముకున్నాడు.

"కాసేపు ఉండనివ్వు తల్లీ. నేనింకా మొదటి లైనులోనే ఉన్నాను."