క్లారీ మామయ్య బిగించిన బ్రేకులు

క్లారీ ఎవరంటావా? చెప్తాగానీ ముందు ఆ డబ్బా మీంచి లే అమ్మడూ, అందులో బ్రేక్ ఆయిలుంది. ప్యాంటుకి అంటిందంటే మీ అమ్మమ్మ నిన్నొదిలేసి నన్ను తిడుతుంది. ఆఁ, ఇలా వచ్చి కూర్చో. క్లారీ ట్రెజైజ్ అంటే మీ అమ్మమ్మ లోర్నాకి సొంత చిన్నాన్న, అంటే నాకు మామయ్య. ఈ షెడ్డు ఆయనదే. మనిషి ఇంత లావు, గొంతు అంతకంటే లావు. ఆయనిక్కడ తుమ్మితే జెట్టీ మీద గాలాలేసుకున్నవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. అబద్ధం కాదే! సరే, కొంచెం అబద్ధమే.

ఏం చెప్తున్నాను? ఆఁ, మా పెళ్లి. మీ అమ్మమ్మ వాళ్ల నాన్న హెడ్లీకో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఉండేది, జీపులాంటిది. పడవ దింపడానికి రోజూ దాన్ని సగందాకా సముద్రంలోకి తోసేవాడు. మన ఊళ్లో అందరం అంతేగా, బండిని ఉప్పునీళ్లలో ముంచడం, తర్వాత తుప్పు పట్టిందని నెత్తి కొట్టుకోవడం. లోర్నా డ్రైవింగు నేర్చుకుంది కూడా దాని మీదే. హెడ్లీ పోయేముందు తమ్ముడు క్లారీని పిలిచి, "నా పిల్ల చర్చికి ఈ బండిలోనే వెళ్లాలిరా" అన్నాడట. ఈయన సరేనన్నాడు. తీరా పెళ్లి రెండ్రోజులుందనగా బండి బయటికి తీసి బ్రేకు తొక్కితే పెడలు నేలకంటింది! కిందకి దూరి చూస్తే ఏముందీ, బ్రేకు ఆయిలు పోయే ఇనప పైపులన్నీ వేలు పెట్టి నొక్కితే బిస్కట్లలా విరిగిపోతున్నాయి. చర్చి ఎక్కడుందో తెలుసుగా నీకు, ఆ ఏటవాలు రోడ్డు దిగువన. చర్చి తర్వాత జెట్టీ, జెట్టీ తర్వాత చేపలు. మా అత్తగారు ఐవీ, "ఎవరి కారైనా అడుగు క్లారీ, నా కూతుర్ని సముద్రంలో కలిపేస్తావా ఏం?" అని ఒకటే గోల. ఈయన వింటేగా! "మాటిచ్చాను వదినా. నువ్వెళ్లి కేకు సంగతి చూసుకో" అన్నాడు.

పెళ్లి శనివారం మధ్యాహ్నం రెండింటికి. పొద్దున పదింటికి నేను ఇదిగో ఇక్కడే, పెళ్లి ప్యాంటేసుకుని, కొత్త పైపు పట్టుకుని నుంచున్నా. నాకు ఈ పని ఓనమాలు కూడా రావు, పట్టుకోమంటే పట్టుకోవడమే. పైపు కొసల్ని గరాటు మూతిలా విచ్చదీయాలి, తెలుసుగా? కానీ ముందు దాన్ని బిగించే నట్టు ఎక్కించుకోవాలి. మూతి విచ్చిందా, ఇంక నట్టు దూరదు. ఈ షెడ్డులో ఆయన ముప్పై ఏళ్లుగా అరిచింది ఒకటే అరుపు: "నట్టు ముందురా వెధవా!" ఎవడైనా మర్చిపోతే, చెడిపోయిన ముక్కని తీగకి గుచ్చి మెళ్లో వేసేవాడు. ఆ రోజంతా తియ్యకూడదు, బారుకెళ్లినా సరే. ఊళ్లో ఆ దండ వేసుకోని మగాడు లేడు. ఆయన తప్ప.

చివరికి ఒక్క పైపు మిగిలింది, వెనక ఇరుసు మీదుగా పోయేది. రెండు కొసలూ విచ్చదీసి, వెలుగులో తిప్పి తిప్పి చూసుకుని, "చూశావా అల్లుడూ, పనంటే ఇదీ!" అన్నాడు. నేను చూస్తున్నది పైపుని కాదు. బల్ల మీద నిక్షేపంగా కూర్చున్న నట్టుని. "మామయ్యా... మరీ... ఆ నట్టు..." అన్నా. ఆయన చూశాడు. అంత మనిషీ నీరుకారిపోయాడే! ఊళ్లో ఇంకో జానెడు పైపు లేదు, అడిలైడ్ నుంచి సోమవారం బస్సుకిగానీ రాదు. టైరు మీద కూలబడి, "హెడ్లీకి ఏం ముఖం చూపించనురా" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఆ కొస కోసేసి మళ్లీ చేస్తే?" అన్నాను, ఏదో ఒకటి అనాలిగా. "పొట్టైపోతుందిరా తింగరోడా, అందదు!" అని కసిరాడు. కసిరి, ఆగి, బండి కిందకి దూరాడు. కాసేపటికి కింద్నుంచి నవ్వు! "ఒరే, ఇక్కడో వంపు నేను షోకు కోసం పెట్టుకున్నాలే. దాన్ని సాగదీస్తే అందుతుంది!" కోశాడు, నట్టు ఎక్కించాడు, మళ్లీ విచ్చదీశాడు, వంపు సాగదీశాడు. బొటాబొటిగా అందింది. కోసిన ముక్కని తనే తీగకి గుచ్చి, తనే మెళ్లో వేసుకున్నాడు. "నోర్మూసుకుని ఊరుకునుంటే చంపేవాణ్ణి నిన్ను" అన్నాడు.

ఇంక పైపుల్లో చేరిన గాలి తీయడం. నేను సీట్లో పెడలు మీద కాలేసి, ఆయన కింద. "తొక్కు! పట్టు! వదులు! పట్టమంటే వదుల్తావేంట్రా, పెళ్లాం మాట కూడా ఇలాగే వింటావా?" ఒకటిన్నరకి అయింది. పెరట్లో ఓ చుట్టు తిప్పి చూశాం, ఆగింది. ఏటవాలులో చూడ్డానికి టైమేదీ? పైగా మీ అమ్మమ్మ తెల్లగౌనులో వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది, "మా నాన్న బండి నేనే నడుపుతా" అని. ఎవరు ఆపుతారు?

నేను పరిగెత్తుకెళ్లి చర్చి గుమ్మంలో నుంచున్నా. రోడ్డు మలుపులో ఇంజను చప్పుడు. చూద్దును కదా, మామయ్య రోడ్డు నడిమధ్య నుంచున్నాడు! సూటు, మెళ్లో ఆ ముక్క, చేతులు కట్టుకుని బండికెదురుగా. ఫాదర్ గుండె పట్టుకుని, "పక్కకి రండి ట్రెజైజ్ గారూ!" అని కేకలు. "బ్రేకులు బిగించింది నేనండీ. పడకపోతే ముందు నాకే తెలియాలి" అన్నాడు. పైనుంచి లోర్నా హారను కొట్టింది, కొట్టింది. ఆయన కదల్లేదు. బండి దిగుతోంది, దిగుతోంది... కీచుమని ఆగింది. ఆయన బొజ్జకీ బంపరుకీ మధ్య బెత్తెడు. అప్పుడు కళ్లు తెరిచాడే! అప్పటిదాకా మూసుకునే ఉన్నాడు, గుమ్మంలోంచి పక్కగా నేనొక్కణ్ణే చూశాను. బానెట్ మీద చెయ్యేసి, దగ్గర్లో ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడకుండా, "తీసుకొచ్చానన్నయ్యా" అన్నాడు. వెంటనే ఊరందరికీ వినపడేలా, "ఏమే, బండి కొంచెం ఎడమపక్కకి లాగుతోంది. సోమవారం చూస్తాలే!"

మీ అమ్మమ్మ దిగి, నా వైపైనా చూడకుండా ఆయన్ని వాటేసుకుంది. నేను గుమ్మంలో అలాగే...

ఆఁ, వస్తున్నాం లోర్నా! లే, మాంసం కూరిన పాస్టీలు చల్లారిపోతున్నాయట.