కడుపా, గడపా?

పుంగనూరులో ఒక కల్యాణమండపం, వెనక వసారా. లోపల సంగీత కొడుక్కి చెవులు కుట్టబోతున్నారు. పిల్లాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. వసారాలో లోకేష్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉదయ్ కిరణ్ గోడకానుకుని నిలబడ్డాడు.

“నన్ను సంగీతే పిలిచింది. మదనపల్లిలో టమాటా మండీ ఇడిసిపెట్టి వచ్చిండాను. నిన్నెవరు పిలిచినారప్పా?”

“అమ్మ.”

“ఏ అమ్మ?”

“నాకుండేది ఒకే అమ్మ లోకేషా. నీకే ఇద్దరు.”

“ఆహా! కుప్పం నుంచి మాటలు కుప్పపోసుకోని వచ్చిండావే! ఆమె సంగీతకు చెప్పలా, సంగీత ఆమెకు చెప్పలా. ఇప్పుడు సూడు, ఒక పిల్లోడికి రెండు ఒళ్లు.”

“చెవులూ రెండే గదా.”

“ఎగతాళా? కుడి చెవి నా ఒళ్లో, ఎడమ చెవి నీ ఒళ్లో కుట్టేదానికి ఆయప్ప కంసాలా, టైలరా?”

“అంకయ్య మామ ఏమన్న్యాడో ఇన్న్యావు గదా.”

“సంగీత మామగారా? ఇన్న్యా. అందరి ముందరా అన్న్యాడు, ‘ఒక కడుపున పుట్టినోడే మేనమామ, సవతి కొడుకు కాదు’ అని. నేను మా నాయన మొదటి పెండ్లాం కొడుకును. నువ్వు మా పిన్నమ్మ మొదటి మొగుడి కొడుకువు. సంగీత మనిద్దరికీ చెల్లెలే. నువ్వు మాత్రం నాకు ఏమీ కావు. రక్తమూ ల్యా, వరసా ల్యా!”

“నేను అడిగినానా వరస?”

“నీది కడుపు సంబంధం, నాది గడప సంబంధం. ఆ గడప దాటించి దాన్ని బడికి ఎత్తుకపోయింది ఎవరు? జలుబు చేస్తే ముక్కు తుడిచింది ఎవరు? నువ్వేమో రామకుప్పం ఏనుగు మాదిరి ఎప్పుడో ఒకసారి దిగతావు, నేను పెంచిన చేన్లో నిలబడతావు.”

“అడివిలో మేత ల్యాకనే దిగతాయి ఏనుగులు.”

“ఒక్క ఒడి కోసరం ఇంత దుడుకు యాల నీకు?”

“నీకు దొరికింది గాబట్టి అట్ల అడగతాండావు.”

“ఏం దొరికింది?”

“ఏమీ ల్యా. ఈడ ఎండగా ఉండాది, లోపలికి పోదాం.”

“చెప్పి పో. ఏం దొరికింది నాకు?”

“మా అమ్మ ఒడి. మీ నాయన్ను చేసుకున్న్యప్పుడు నన్ను అవ్వకాడ ఇడిసిపెట్టింది. ‘ఆడ తల్లి ల్యాని బిడ్డ ఉండాడు, నీకు అవ్వుండాది గదా’ అన్న్యారు అందరూ. నీకు జొరమొస్తే ఆమె ఒళ్లో పండుకున్న్యావు. నాకొస్తే అవ్వ చేన్లో ఉంటాది. ఈ పొద్దు ఒక పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకోని, ఈ ఇంట్లో నేనూ ఒకణ్ణే అనిపించుకోవాలనుండాది. అంతే.”

“ఇట్ల రాప్పా, ఈ నీడలో నిలబడు.”

“ఏం, జోకు ఎయ్యవా?”

“రాలేదప్పా. నువ్వు... నువ్వు ఎప్పుడు పుట్టినావు?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“నీకంటే నెల ముందర. నీ పుట్టినరోజుకు పాయసం చేస్తా చేస్తా నాకు ఫోన్ చేస్తాది. ‘నీది పోయిన నెల దాటిపోయిందే నాయనా’ అంటాది. ప్రతి ఏడూ అదే మాట.”

“ప్రతి ఏడూనా? పొయ్యికాడ కండ్లు తుడుచుకుంటా ఉంటే ‘యాలమ్మా?’ అంటి. ‘పొగ రా’ అనె. ‘గ్యాసు పొయ్యికి పొగేందమ్మా’ అని పడీ పడీ నవ్వితిని గదప్పా నేను!”

“ఒరే లోకేషా! ఉదయా! యాడుండారు రా ఇద్దరూ?”

“ఈడనే ఉండామమ్మా!”

“ముహూర్తం దాటిపోతాది. అంకయ్యన్న అరస్తాండాడు, ఎవురు కూచుంటారని. నేనేమని చెప్పేది రా ఆయప్పకు?”

“లోకేషునే కూచోమనమ్మా. పెంచినోడు వాడే. నేను బస్సుకు పోతాను.”

“నువ్వు ఊరుకోప్పా! అమ్మా, అంకయ్య మామకు చెప్పు. పెద్ద మేనమామ ఉండంగా చిన్న మేనమామ కూచోకూడదంట. మా అన్న వస్తాండాడని చెప్పు.”