మా నాయన నర్సింగం సఫారీకి పోయిన సంగతి

నా పేరు గుండేటి సింధూజ. తండ్రి నర్సింగం, తల్లి భాగీరథి. వయసు ఇరవై మూడు. బీకాం చదివాను. సూరత్‌లోని ఉధ్నాలో ఒక నూలు వ్యాపారి దగ్గర కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేదాన్ని. మొదటి లాక్‌డౌన్‌లో ఆ పని పోయింది. ఇప్పుడు ఏ పనీ లేదు. మా నాయనవాళ్ళది సిరిసిల్ల దగ్గరి పల్లె. నేను పుట్టి పెరిగింది సూరత్‌లోనే. ఏడో తరగతి దాకా కార్పొరేషన్ వారి తెలుగు బడిలో చదివాను కాబట్టి ఈ వాంగ్మూలం తెలుగులో నా చేతితో రాస్తానని అడిగాను. ఈ పోలీసు స్టేషన్ సాహెబ్ ఒప్పుకున్నారు. గుజరాతీ అనువాదం వేరే జతచేస్తామన్నారు. నోటితో చెబితే తొందరలో వెనకది ముందుకు తెస్తాను. రాస్తే వరుసగా వస్తుంది.

మా నాయన వయసు యాభై ఆరు. పాండేసరలో ఒక మిల్లులో ప్రింటింగ్ మాస్టర్. చిరుత మచ్చలు, జిరాఫీ పలకలు, చారల గుర్రం గీతలు, చీరల మీదా నైటీల మీదా దుప్పట్ల మీదా ఆయన అచ్చువేయని జంతువు లేదు. వాటిలో ఒక్కదాన్నీ ప్రాణంతో చూడలేదు. చచ్చేలోగా ఒక్కసారి చారల గుర్రాన్ని చూడాలని ఎప్పుడూ అనేవాడు. "సింహం ఎవడైనా చూస్తడు. నాకు గీత చూడాలె" అనేవాడు.

రిపీట్ అంటే ఏమిటని సాహెబ్ నిన్న అడిగారు. గుడ్డ మీద స్క్రీన్, అంటే రంగు అచ్చువేసే జాలీ గొట్టం, ఒక్క చుట్టు తిరిగితే ఎంత దూరం బొమ్మ పడుతుందో అంతే బొమ్మ. ఆ తరువాత మళ్ళీ మొదటి నుంచి అదే. ఆ దూరాన్ని మిల్లులో రిపీట్ అంటారు. చెట్టు వస్తే వరుసగా వస్తుంది, మచ్చ పడితే అదీ వరుసగానే పడుతుంది. అచ్చుగుడ్డ మీద ఏదీ ఒక్కసారే రాదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, చదువు రాని మా అమ్మకు కూడా.

ఈ ఏడు జనవరిలో నేను ఆఫ్రికా సఫారీ కంపెనీల కోసం ఫోన్‌లో వెతికాను. ఇంట్లో కూర్చుని కూర్చుని నాకు పిచ్చెక్కుతోంది. నేను పోలేకపోతే కనీసం మా ఇంట్లోంచి ఒకరైనా పోవాలి అనిపించింది. ఒక కంపెనీ ఫోన్ ఎత్తలేదు. ఒకటి కరోనా తగ్గాక చూద్దామంది. మూడోది వగడో హాలిడేస్. వగడో అంటే గుజరాతీలో అడవిబీడు. దీని మీద జనం రాసిన అభిప్రాయాలు చిత్రంగా ఉన్నాయి. జన్మలో మరువలేం అని కొందరు, మీ శత్రువును కూడా పంపకండి అని కొందరు. ఒకామె అయిదు నక్షత్రాలకు నాలుగిచ్చి, "మావారు ఇంకా అక్కడే ఉన్నారు. బాగున్నారు" అని రాసింది. అదేదో తమాషాకు రాసిందనుకున్నాను.

ఆ కంపెనీ ప్రకటన మా నాయనకు చూపిస్తే ఫోన్ గుంజుకున్నాడు.

"ఆగు. గీ బొమ్మ జర పెద్దగ చెయ్యి. ఇది నా గీతనే బిడ్డా. మెడ కాడ రెండు చారలు కలిసిపోయినయి సూడు. ఆ స్క్రీన్ ఆడ ఖరాబైంది. మార్చుదామంటే సేట్ వద్దన్నడు."

"గుడ్డ మీది గీత బతికున్న గుర్రం మీదికి ఎట్లొస్తది నాయనా?"

"నా డిజైన్ చూసి బొమ్మ చేసుకున్నరు గావచ్చు. పని తెలిసినోళ్ళు. పోతే వీళ్ళతోనే పోత."

ఇంకో కంపెనీ చూద్దామన్నా వినలేదు. తన అచ్చును తాను గుర్తుపట్టిన సంతోషంలో ఉన్నాడు. మా అమ్మ రొట్టెలు చేస్తూ నవ్వింది. "పక్కనున్న వాపి దాటి పోనోడు ఆఫ్రికా పోతడట. నీ తంబాకు వాసనకు సింహమే ఉరుకుతది తియ్యి" అంది. డబ్బు ఒక్కరికే సరిపోయింది. ఆయన ఒక్కడే పోయాడు.

ఫిబ్రవరి 22, సోమవారం ఉదయం ఏడు గంటలకు సూరత్ బయట కామ్‌రేజ్ చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కించాము. ముంబై దాకా బస్సు, అక్కడినుంచి విమానం. మా నాయన గోధుమరంగు స్వెటర్ వేసుకున్నాడు. కంపెనీ మేనేజర్ పరమేశ్వర్ తెలుగువాడే, నిజామాబాద్ వైపు మనిషి. "అక్కడ పొద్దున చలి ఉంటదే కాకా" అని ఆయనే వేయించాడు. అందరి నోటికీ మాస్కులు, ముఖానికి ప్లాస్టిక్ అద్దాలు. అదే బస్సులో మా వీధిలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు ధర్మరాజు గారు, ఆయన భార్య సీత గారు కూడా ఉన్నారు. వాళ్ళది రాజమండ్రి.

రోజూ పొద్దున మా నాయన ఒక ఫోటో పంపేవాడు. పసుపు గడ్డి, గొడుగులాంటి చెట్టు, వెనుక చారల గుర్రాలు, ముందు ఆయన. మూడో రోజు ఫోన్ చేశాడు. గొంతు చిన్నపిల్లవాడిలా ఉంది.

"బిడ్డా, రిపీట్ లేదు! ఒక్కదాని గీత ఇంకోదానికి లేదు. నేను కూసోని సూసిన. ఎవడేసిండో గాని ఒక్క స్క్రీన్ రెండుసార్లు వాడలే."

మా అమ్మ ఫోన్ తీసుకుని, "తిన్నవా?" అంది. "కిచిడీ పెట్టిన్రు" అన్నాడు. ఆఫ్రికాలో కూడా గుజరాతీ వంటేనా అని నవ్వుకున్నాము.

మార్చి 3న బస్సు తిరిగి వచ్చింది. మా నాయన దిగలేదు. ధర్మరాజు గారు నా భుజం తట్టి, "కంగారు పడకమ్మాయ్. మీ నాన్నగారు ఇంకో నాలుగు రోజులుంటానన్నారు. మేనేజరు సరేనన్నాడు. ఎంత మర్యాదైన కంపెనీ అనుకున్నావ్! సింహం ఇంత దగ్గరగా, అదిగో, ఆ పాన్‌డబ్బా అంత దగ్గరగా" అన్నారు. పాస్‌పోర్టు మీద ముద్ర కూడా చూపించారు. ముద్ర ఉంది. సీత గారు బ్యాగు పట్టుకుని పక్కన నిలబడ్డారు.

నాలుగు రోజులు పోయాయి, పది పోయాయి. ఫోటోలు మాత్రం ఆగలేదు. కెమెరా ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. అదే గడ్డి, అదే చెట్టు. కాని మా నాయన దూరమవుతున్నాడు. మొదట నడుము దాకా కనిపించినవాడు తరువాత నిలువునా కనిపించాడు. ఆ తరువాత చెట్టు దగ్గర, ఆ తరువాత చెట్టు అవతల. ఫోన్ ఆయన చేతిలో ఉంటే ఫోటో ఎవరు తీస్తున్నారని నేను మెసేజ్ పెట్టాను. దానికి జవాబుగా ఇంకో ఫోటో వచ్చింది. గోధుమరంగు చుక్కంత ఉన్నాడు. గుర్రాలు మాత్రం దగ్గరికి వచ్చాయి. వాటిలో ఒకదాని మెడ దగ్గర రెండు చారలు కలిసిపోయి ఉన్నాయి. దాని పక్కదానికీ. దాని పక్కదానికి కూడా.

మార్చి 20 మధ్యాహ్నం చివరిగా తీరికగా మాట్లాడాడు.

"నేను తప్పు జెప్పిన బిడ్డా. రిపీట్ ఉంది. శానా పెద్దది. గుట్ట దాటి పోతే మళ్ళ గదే చెట్టు, గదే గుర్రం. ఎంత దూరానికి మొదలైతదో సూసొస్త."

"నాయనా, ఇంటికి రా. ఈడ కరోనా మళ్ళ లేచింది. అమ్మ నిద్రపోతలేదు."

"వస్త. కొలిచినంకనే."

నేను ఉధ్నాలో వాళ్ళ ఆఫీసుకు పోయాను. పరమేశ్వర్ నా ముందు చేతులకు శానిటైజర్ రాసుకుంటూ కూర్చున్నాడు. "మీ నాయన పిల్లగాడా అమ్మా? రానంటే ఎత్తుకొస్తమా? కొందరికి ఆడ మనసు తగుల్తది. మా తప్పేంది?" అన్నాడు. ఎందరికి తగిలిందని అడిగాను. ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని లోపలికి పోయాడు. ఫోన్ మోగలేదు. మర్నాటికి ఆఫీసుకు తాళం.

అప్పుడు సీత గారి దగ్గరికి పోయాను. ఆమె పెరట్లో చీర ఉతుకుతున్నారు. బకెట్లో నీళ్ళు పసుపుగా ఉన్నాయి. "ఎన్నిసార్లు జాడించినా అక్కడి గడ్డిరంగు దిగుతూనే ఉందమ్మాయ్" అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "అక్కడ ఏ జంతువుకీ నీడ లేదు. మా ఆయనతో అంటే కళ్ళజోడు మార్పించుకో అన్నారు. మీ నాన్నగారికి వెళ్ళినప్పుడు నీడ ఉంది. వచ్చే ముందు రోజు చూశాను. లేదు" అన్నారు. బస్సు తిరిగి వచ్చేటప్పుడు మొదట కామ్‌రేజ్ అవతల పొలాల్లో ఒక గోదాము దగ్గర ఆగిందని, అక్కడ కొత్తగుడ్డ వాసన వచ్చిందని ఆమే చెప్పారు.

మొన్న, ఏప్రిల్ 5, సోమవారం, పదకొండు గంటలకు నేనూ మా అమ్మా ఆ గోదాముకు పోయాము. సరుకు చూడటానికి వచ్చామంటే కాపలావాడు తలుపు తీశాడు. "చూసి ఏం లాభం? మొత్తం అమ్ముడుపోయింది. శుక్రవారం లారీ వస్తుంది" అన్నాడు.

లోపల కరెంటు లేదు. రేకుల సందుల్లోంచి వెలుతురు పడుతోంది. కప్పు నుంచి నేల దాకా గుడ్డలు వేలాడుతున్నాయి, ఒకదాని వెనుక ఒకటి. అన్నిటి మీదా పసుపు గడ్డి, గొడుగు చెట్టు, చారల గుర్రాలు. గాలి లేదు. గుడ్డ కదులుతోంది. మా అమ్మ ఒకదాని మీద అరచెయ్యి పెట్టి తీసేసింది. "వెచ్చగున్నది" అంది. మిషన్ మీంచి అప్పుడే దిగిన గుడ్డ అలా ఉంటుంది.

నేను మా నాయనకు ఫోన్ చేశాను. రింగు ఆఖరి గుడ్డ వెనుక నుంచి వినిపించింది. ఆ గుడ్డ ఎత్తి చూశాను. వెనుక ఇటుకగోడ. రింగు ఆగింది. ఆయన ఎత్తాడు.

"మొదలు దొరికింది బిడ్డా. ఇగ ఇంటికి మళ్ళిన. నడుస్తున్న."

"ఎక్కడున్నవ్ నాయనా?"

"గడ్డిలున్న. శానా దూరముంది. మీ అమ్మను ఏడ్వద్దను. నాకు ఇనబడ్తున్నది."

మా అమ్మ అప్పటికి ఏడవడం మొదలుపెట్టి ఒక నిమిషం కూడా కాలేదు.

ఆ ఆఖరి గుడ్డ మీద గడ్డిలో ఒక మనిషి బొమ్మ ఉంది. వేలెడు ఎత్తు. గోధుమరంగు స్వెటర్. నేను గుడ్డ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. చెట్టు మళ్ళీ వచ్చింది, గుర్రం మళ్ళీ వచ్చింది, కలిసిన చారలు మళ్ళీ వచ్చాయి. మనిషి రాలేదు. ఆ మనిషి ఒక్కసారే ఉన్నాడు. తిరిగి వచ్చి చూస్తే మొదట చూసిన చోట లేడు, చెట్టుకు ఇవతల ఉన్నాడు.

అదే రోజు ఇక్కడ ఫిర్యాదు ఇచ్చాను. నిన్న సాహెబ్ ఇద్దరు కానిస్టేబుళ్ళతో గోదాముకు వచ్చారు. అది బిల్లు ఉన్న సరుకని, పాస్‌పోర్టు రికార్డు ప్రకారం మా నాయన దేశం దాటాడు గాని తిరిగి రాలేదని, కాబట్టి ఇది ఎంబసీకి పోయే కేసని అన్నారు. మనిషి బొమ్మ చూపించాను. "అచ్చులో పడింది, బెన్" అని చెల్లెలికి చెప్పినట్టు అన్నారు. ఒక్కసారే ఎలా పడుతుందని అడిగాను.

అప్పుడు జరిగినది సాహెబ్ కూడా విన్నారు కాబట్టి రాస్తున్నాను. మిల్లు ముద్ర ఎక్కడుందో చూద్దామని ఒక కానిస్టేబుల్ ఆ గుడ్డ అంచు ఎత్తి రెండు మడతలు పైకి మడిచాడు. వెంటనే మా అమ్మ ఫోన్ మోగింది. నేను ఎత్తి, హలో అని స్పీకర్ పెట్టాను.

"సింధూ, గీడ ఉన్నట్టుండి చీకటైంది. పొద్దు గూకలే, ఏం గూకలే. మీద ఏదో పడ్డట్టుంది. ఊపిరాడ్తలేదు."

కానిస్టేబుల్ గుడ్డ వదిలేశాడు. అది కిందికి జారింది.

"ఆఁ. తెల్లారింది" అన్నాడు మా నాయన.

కానిస్టేబుల్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. సాహెబ్ బయటికి వచ్చి, ఫోన్‌లో ఎవరైనా ఏమైనా అనవచ్చు, సరుకు ఆపడానికి తనకు అధికారం లేదు, రాతపూర్వకంగా ఇస్తే పైకి పంపుతాను అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు పరమేశ్వర్ జైలుకు పోవాలని లేదు. ఆఫ్రికా ఉందా, వాళ్ళు ఎక్కడికి తీసుకుపోయారు, ముద్ర ఎవరు వేశారు, అవన్నీ తరువాత తేల్చండి. లారీ మాత్రం ఎల్లుండి వస్తుంది. లారీ అంటే ముందు మడత పెడతారు, కట్ట కడతారు, బిగిస్తారు, ఆ తరువాత మార్కెట్లో ముక్కలు కోస్తారు. మా నాయన తిరుగుదారిలో ఉన్నాడు. నిన్న వెళ్ళేటప్పుడు చూశాను, ముందు రోజుకంటే బెత్తెడు ఎత్తు పెరిగాడు. ముఖం ఇటు తిప్పాడు. ఆయన ఇవతలికి వచ్చేదాకా ఆ ఒక్క గుడ్డను మడవకుండా, దించకుండా, వేలాడుతున్నట్టే ఉంచాలి. మిగతావి తీసుకుపొమ్మనండి. కాని ప్రతిదాన్నీ ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడాలి, ఒక్కసారే ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని. నాలుగు నక్షత్రాలు ఇచ్చినామె ఇంటిని కూడా వెతకండి. గోదాములో నేనూ మా అమ్మా వంతులవారీగా కూర్చుంటాము. మాస్కు వేసుకుంటాము, ఎవరినీ తాకము, అన్నం మేమే తెచ్చుకుంటాము.

ఇందులో ఉన్నది నేను కళ్ళతో చూసింది, చెవులతో విన్నది. ఎవరూ చెప్పి రాయించలేదు, నేను కల్పించి రాసిందీ లేదు. మా అమ్మకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఒక్క మాట చేర్చమంది, చేర్చాను.

కామ్‌రేజ్, 7 ఏప్రిల్ 2021
(సంతకం) గుండేటి సింధూజ

గుడ్డ మీద ఉన్నది నా పెనిమిటి. నడక నేను గుర్తుపట్టిన. కాళ్ళు నొస్తున్నయి ఆయనకు, జర నిదానంగ వస్తడు. మీరు ఆగాలె.
గుండేటి భాగీరథి, ఎడమచేతి బొటనవేలి ముద్ర