సన్న పుస్తకాలు ముందు

లైబ్రరీ మూసే వేళకు బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు: అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న పెద్దావిడ, పుస్తకాలిచ్చే అమ్మాయి.

"ఆలస్యమైంది, ఏమనుకోకమ్మా. కూడబలుక్కుని చదవాలి కదా! అయినా ఈ రాజు మహా గట్టివాడు. పోయిన పుస్తకంలో డ్రాగన్ చేతిలో చచ్చాడా, ఇందులో గుర్రమెక్కి వచ్చేశాడు."

"అదేంటి పిన్నిగారూ? ఆయన పోయేది చివరి భాగంలో కదా!"

"చివరిదో మొదటిదో నాకేం తెలుసు? సన్నవి ముందు పట్టుకెళ్ళాను. లావువి చూస్తేనే గుండె దడ."

"అయ్యయ్యో! ఇక మిగిలింది మొదటి భాగమే, ఏడొందల పేజీలు. కథంతా తెలిసిపోయిందిగా, వేరేది ఇవ్వనా?"

పెద్దావిడ ఆ లావు పుస్తకాన్ని చేత్తో తూచి చూసింది.

"ఇందులో రాజుకి ఎన్నేళ్ళు?"

"ఇరవై. రాణిని ఇంకా చూడనే లేదు."

"ఆ రాణి ముసలిదై, కోటలో ఒంటరిగా కూర్చోవడం చూశాను. ఇప్పుడు ఆయన్ని మొదటిసారి చూస్తుందన్నమాట."

"చూస్తుంది. చూడగానే పోట్లాట!"

"పోయిన మా ఆయనతో నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇచ్చెయ్యి తల్లీ, గడువు సంగతి నువ్వే చూసుకో. రోజుకు రెండు పేజీలే చదువుతాను. ఏడాదిపాటు బతికే ఉంటాడు."