అద్దెకుండేవాళ్ల ఓటు

సభకు అధ్యక్షత వహిస్తున్న లక్ష్మీకాంత్ గారికి, కొత్త ప్రెసిడెంటు అమలమ్మ గారికి, పదవి దిగుతున్నందుకు ఈ రోజు మనం శాలువా కప్పుతున్న వెంకటకృష్ణారావు గారికి, కాలనీ పెద్దలకు, తోటి ఆడవాళ్లకు నమస్కారాలు. నా పేరు ఇల్మా. ఆటోనగర్‌లో లేతు పని చేసే అష్ఫాక్ గారి భార్యను. మైకు పట్టుకోవడం ఇదే మొదలు. మాట తడబడితే మన్నించండి.

మన కాలనీ సంఘంలో మొన్నటిదాకా సొంతిల్లు ఉన్నవాళ్లకే, అదీ ఇంటికొక్క ఓటే ఉండేది. అద్దెకుండేవాళ్లకూ, ఆడవాళ్లకూ ఓటు ఉండాలని అప్పటి ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు సార్ పట్టుబడితే, "ఇల్లు కట్టుకున్నది మేమైతే ఓటు వాళ్లకా? అద్దెవాళ్లంతా మీకే గుద్దుతారు, మీ ప్లాన్ మాకు తెలియదా అండీ!" అని కొందరు ఆయన మొహం మీదే అన్నారు. అయినా ఆయన తగ్గలేదు. తీరా మేమందరం ఓట్లేశాక ఆయనే ఓడిపోయారు. (నవ్వులు) నవ్వకండి. సార్ నవ్వడం లేదు.

ఇక సంఘంలో సభ్యుడిగా కూడా ఉండనన్నారట. చేసిన మేలు మరిచిపోయామని బాధపడుతున్నారట. అందుకే లేచాను. సార్, నేను మీకు వెయ్యలేదు. ఈ సంగతి మావారికి కూడా ఇప్పుడే తెలిసింది. "సార్‌కే వెయ్యి" అని చెప్పి పంపారు. అట్లా చూడకండి, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. (నవ్వులు)

నీళ్ల మోటారు పొద్దున్నే వేస్తారు. కింది వాటాల తొట్లు నిండి, మేడమీద మాకు ధార వచ్చేసరికి కట్టేస్తారు. బిందెలతో నేనే మోస్తాను. అమలమ్మ గారు ఓట్లడగడానికి మెట్లన్నీ ఎక్కొచ్చి, ఆయాసపడుతూ గుమ్మంలోనే కూలబడి, "నీకేం ఇబ్బందిగా ఉందే అమ్మాయ్?" అన్నారు. పెళ్లయి ఇక్కడికొచ్చాక నన్నా మాట అడిగినవాళ్లు లేరు. సాయంత్రం కూడా మోటారు వేయిస్తానన్నారు. మీరు రాలేదు సార్. మా ఓట్లు ఎటూ మీవేననుకున్నారు. మిమ్మల్ని తిట్టినవాళ్లూ అదే అనుకున్నారు.

ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేయాలంటే, ఓటు మా చేతికి వచ్చినట్టేనా? మీరు నిజంగానే ఇచ్చారు కాబట్టి, నేను ఆలోచించుకుని వేశాను.

సంఘం వదలకండి. మళ్లీ నిలబడండి. నీళ్లు ఎక్కకపోతే అమలమ్మ గారినీ గట్టిగా అడిగేవాళ్లుండాలి కదా! (నవ్వులు) మీకే వేస్తానని మాటివ్వలేను. మీరొచ్చి అడిగితే మాత్రం కూర్చోబెట్టి, చెప్పేదంతా వింటాను.

ఇంతసేపు నా మాట ఆలకించారు, అదే పదివేలు. సెలవు.