ఖాళీగా ఇవ్వకూడని హాలు

హలో… ఆయ్, నేనేనండి, శారోన్‌ని. చెప్పండి దుర్గాశ్రీ గారూ.

…పనేం లేదండి. అమ్మా నేనూ చింతపండు గింజలు తీస్తున్నాం. చేతులు జిగురు, అందుకే స్పీకర్లో పెట్టేను… పర్లేదండి, వినేది అమ్మే కదా.

…కమిటీ వచ్చేది రేపా? శుక్రవారం అన్నారు కదండీ…

…రెండు యూనివర్సిటీల వాళ్లూ కలిసేనా? అయితే ముందు రాజోల్లో మీ హాలే చూస్తారు.

…తెలుసండి. మీ క్యాంపస్, మా అమలాపురం క్యాంపస్ గదులు పంచుకోవడం సరిగా సాగుతోందంటే కొత్త బిల్డింగు కట్టరు. లేదంటే హాలు వెనక కొబ్బరిచెట్లు కొట్టించి కట్టేస్తారు. అప్పుడే చెట్లకి సున్నంతో గుర్తులు పెట్టేసేరు, చూసేను… నాకూ అదే బెంగండి. మనం క్యారేజీలు విప్పుకునే నీడ అది.

…ఏమిటీ, ఆదివారం రాత్రి?

…హాల్లో తెల్లవార్లూ లైట్లు వెలిగేయా? అవి మనిషి కదిలితేనే వెలిగేవి కదండీ…

…కమిటీ వాళ్లు ఆ కరెంటు లెక్క చూసి సంతోషించేరా? రాత్రిపూట కూడా హాలు వాడుకుంటున్నారనీ?

…దుర్గాశ్రీ గారూ. అది మనిషి కాదండి… పుంజు.

…ఆయ్, కోడిపుంజే. ఈ వారం మీకు తాళం ఇచ్చేయాలి కదా, మా మత్తయి మాస్టారు ముందుగానే తెచ్చి స్టేజి కాలికి కట్టేరు. అది తాడు తెంపుకుని తిరిగింది. తెల్లారి కూత విని నేనే వెళ్లి పట్టుకొచ్చేను. ఆయన ఇంటికి చేర్చేదాకా దారంతా పొడిచింది.

…ఎందుకు కట్టేరంటే… మొదలెట్టింది మా అమ్మండి. మొదటిసారి మీ హాలు వాడుకుని తాళం ఇచ్చే రోజున, అడిగి తెచ్చుకున్న గిన్నె ఖాళీగా ఇస్తారా అని నన్ను నిలదీసింది. క్రిస్మస్‌కి మేం కేకు పెట్టి పంపిన పళ్లెం కూడా మా ఇంటికి ఖాళీగా రాదండి. అందుకని బల్ల మీద ఒక అరటిపళ్ల హస్తం పెట్టి వచ్చేను. అంతే.

…అదే కదా. మీరు మా ల్యాబు వాడుకుని కాజాలు పెట్టేరు. మా ప్రిన్సిపాల్ గారికి పౌరుషం వచ్చి ఏకంగా గెల పంపేరు. మీరు పనసపండు పెట్టేరు.

…మీరు కాదా, మీ ప్రిన్సిపాల్ గారా. సరే. అది కంప్యూటర్ల మధ్య మగ్గి, మా పిల్లలు ప్రాక్టికల్స్ మానేసి దాని చుట్టూ తిరిగేరండి. దానికి జవాబే ఈ పుంజు.

…ఆ రాత్రి హాల్లో ఉన్నది రీసెర్చి స్కాలరని కమిటీకి చెప్పేసేరా? అయ్యో… రేపు అతన్ని చూస్తామన్నారా?

…సెలవు పెట్టేడని చెప్పండి. ఆయ్. ఐనవిల్లి గుడికి వెళ్లేడనండి, మొక్కుందనీ.

…లేదండి, ఇప్పుడేమీ లేదు. సాయంత్రం నేనే ఊడ్చి తాళం వేసేను. మీ హాలు మా సందు చివరే కదా… తాళం ఇక్కడే ఉంది, మేకుకి.

…ఒట్టండి. పండూ లేదు, పిట్టా లేదు. పొద్దున్నే ఖాళీ హాలు మీకు అప్పజెబుతాను.

…ఆయ్, ఉత్త ఖాళీ. బల్లలు, కుర్చీలు, అంతే.

…అమ్మా? చేతులు కడుక్కుంటోందండి…

…కొబ్బరిచెట్ల సంగతి తనూ వింది కదండీ. కమిటీ కంట ఏదీ పడకుండా ఈ ఒక్కసారికీ ఆనవాయితీ పక్కన పెట్టాలి మరి. అమ్మా, వింటున్నావా?

…వంటింట్లో ఏదో డబ్బా మూత చప్పుడు.

…ఒక్క నిమిషం ఉండండి… అమ్మా, ఈ వేళప్పుడు చెప్పులెందుకు?

…

…దుర్గాశ్రీ గారూ, మేకుకి తాళం లేదండి.

…ఆయ్, వెళ్లిపోయింది. చంకలో సున్నుండల డబ్బా ఉంది.

…పరిగెత్తి లాభం లేదండి. మా అమ్మ నడక మీకు తెలీదు, ఈపాటికి సందు మలుపు తిరిగేసుంటుంది.

…ఏడవకండి. ఒక్కటి చెప్పండి, కమిటీలో ఎంతమంది?

…ఐదుగురేనా?

…అయితే సరిపోతాయిలెండి. రాగానే కూర్చోబెట్టి తలో సున్నుండా ఇచ్చేద్దాం. నోట్లో సున్నుండ ఉండగా ఆ స్కాలర్ గురించి ఎవరు అడగగలరండీ… మంచినీళ్లు మాత్రం కాస్త ఆలస్యంగా తెప్పించండి.

…ఆయ్. ఉంటానండి.